అట్టపెట్టె మీది నడుము

కత్తెరమ్మకు కోపం వచ్చిందని ముందుగా చెప్పేది ఆవిడ కత్తెరే. చేతికి ఏ గుడ్డ దొరికినా కచకచా ముక్కలు చేసి పారేస్తుంది. ఆ రోజు పొద్దున్నే ఆవిడ బల్ల కింద పేలికల గుట్ట మోకాలెత్తుకు చేరింది. మిషన్ల దగ్గర ఆడవాళ్లు నోరు కుట్టేసుకున్నట్టు తలలు దించుకుని పని చేసుకుంటున్నారు. టీ తెచ్చినామె కూడా కప్పు అల్లంత దూరంలో పెట్టి, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయింది.

కోపానికి కారణం గుమ్మం పక్కన పేర్చి ఉంది. అదంతా తిరిగొచ్చిన సరుకు. రొమ్ము కింద నుంచి తొడల దాకా ఒంటిని పట్టి ఉంచే లోదుస్తు అది. దాని మీద గౌను వేసుకుంటే పొట్ట లోపలికి పోయి నడుము తీరుగా కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఈ ఫ్యాక్టరీలో తయారైనదాన్ని కొన్నవాళ్లు మళ్లీ వచ్చి అడిగేవారే గానీ తిప్పి పంపినవాళ్లు లేరు. ఈ కొత్త మోడల్ మాత్రం పోయింది పోయినట్టే వెనక్కి వస్తోంది. ఊపిరాడటం లేదని ఒకరు, వాతలు తేలాయని ఒకరు. ఒకావిడైతే నిలువునా కోసేసిన ముక్కని పెట్టెలో పెట్టి పంపింది. పెళ్లి విందులో కళ్లు తిరిగి పడిపోయిందట, హుక్కులు ఊడదీయడం చేతగాక పక్కవాళ్లు కూరగాయల కత్తితో కోశారట.

ఆ కోసిన ముక్కే ఇప్పుడు కత్తెరమ్మ ముందు పరిచి ఉంది. చూస్తున్నకొద్దీ ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

"ఇంకా దీన్నే పట్టుకుని కూర్చున్నావా అక్కా?" అంటూ తమ్ముడు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చెవి దగ్గర ఫోను. ఫ్యాక్టరీలో అమ్మకాలు అతనివి, తయారీ అక్కది. తల్లి పోతూ పోతూ ఇద్దరికీ చెరిసగం అప్పజెప్పిన సంసారం ఇది.

"మనిషి కళ్లు తిరిగి పడిపోయిందిరా."

"పడదా మరి? ఎల్ సైజు మనిషి ఎమ్ కొనుక్కుంటే పడదా? ఆడవాళ్లు వయసు దగ్గరైనా నిజం చెప్తారేమో గానీ సైజు దగ్గర చెప్పరు. ఫోన్ చేసినవాళ్లందరికీ అదే చెప్పమన్నాను. తప్పు మాది కాదు, మీ నడుముదీ అని."

మిషన్ల దగ్గర ఒకరిద్దరు చటుక్కున తలెత్తి, మళ్లీ దించుకున్నారు.

"అలా చెప్పమన్నావా?"

"మర్యాదగానే లే."

కత్తెరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. అది ఇంకా ప్రమాదం. "ఈ చేత్తో ఇరవై ఏళ్లకు పైగా కోస్తున్నాను. ఒక్కరు అబద్ధం చెప్తారు, ఇద్దరు చెప్తారు. ఊళ్లో ఆడవాళ్లంతా కూడబలుక్కుని నీకు అబద్ధం చెప్పారా? తప్పు సరుకులో ఉంది. రెండో విడత కోత ఆపు."

"ఆపడానికి అదేమన్నా కుళాయా? గుడ్డ పరిచేశారు. రేపటికి సరుకు కావాలి." తమ్ముడు పెదవి విరిచాడు. "సరే. తప్పెక్కడుందో చూపించు, ఆపేస్తాను. మధ్యాహ్నం లోపల చూపించలేకపోయావా, కటింగ్ మాస్టరు మిషన్ వేస్తాడు. అంతే."

అటు పక్క పొడుగాటి బల్ల మీద, గోధుమ రంగు సాగే గుడ్డ పొరల మీద పొరలుగా పరచి ఉంది. నిన్న రోల్ విప్పి అలాగే వదిలేశారు. చుట్టచుట్టి లాగిపెట్టిన గుడ్డ విప్పగానే కోస్తే తర్వాత ముడుచుకుపోతుంది. అందుకే దాని మానాన దాన్ని పడుకోబెట్టాలి. "ఒళ్లు విరుచుకోనివ్వాలమ్మా" అంటాడు కటింగ్ మాస్టరు, చంటిపిల్ల గురించి చెప్పినట్టు. అతను కోత మిషన్ పక్కన పెట్టుకుని అక్కకీ తమ్ముడికీ మధ్య ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

కత్తెరమ్మ అట్ట నమూనాలన్నీ దించింది. ముందు ముక్క, వెనక ముక్క, పక్క ముక్కలు. ఒక్కొక్కదాని అంచూ టేపుతో చూసుకుంది. నమూనాలో దోషం లేదు. గుడ్డ లాగి చూసింది. సాగవలసినంత సాగి వెనక్కి వచ్చింది. ఎలాస్టిక్ అదే, దారం అదే, హుక్కులు అవే. గోడ మీది పలకలో రాసిన ఒంటి కొలతలు చూసి, అందులోంచి తగ్గించవలసింది తగ్గించి చూసింది. సాగే గుడ్డ కాబట్టి ఒంటి కొలత కన్నా చిన్నగా కోస్తారు. ఎంత తగ్గించాలన్నదే ఈ పనిలో ఉన్న పనితనమంతా. కాస్త ఎక్కువైతే ఒంటికి శిక్ష, తక్కువైతే డబ్బు దండగ. తగ్గింపు కూడా సరిగ్గానే ఉంది.

అన్నీ సరిగ్గానే ఉండటం చూసి ఆవిడకు ఒళ్లు మరింత మండింది. తప్పు దొరికితే తిట్టడానికి ఒక ముఖమైనా దొరికేది.

కత్తెరమ్మ ఈ సరుకుకి వ్యతిరేకి కాదు. నలుగురిలోకి వెళ్లేటప్పుడు ఒక మనిషి కాస్త తీరుగా కనిపించాలనుకుంటే అందులో ఎవరి సొమ్మేం పోయిందని ఆవిడ వాదన. తల్లి కాలంలో ఇక్కడ ఆపరేషన్ అయినవాళ్లకు పొట్ట చుట్టూ కట్టుకునే పట్టీలు కుట్టేవారు. కుట్లు పడ్డ మనిషి దగ్గినప్పుడు, నవ్వినప్పుడు పట్టీ ఆదుకోవాలి. అప్పటి నుంచీ ఈ గదిలో ఒక పద్ధతి ఉంది. ఏ కొత్త సరుకైనా ముందు ఒక మనిషి తొడుక్కోవాలి, పీట మీద కూర్చోవాలి, వంగి చెప్పులేసుకోవాలి, గ్లాసెడు నీళ్లు తాగాలి, చివరికి నవ్వాలి. నవ్వించే బాధ్యత మాస్టరుది. అతని జోకులు ఎంత పాతవంటే, అవి మొదలుపెట్టగానే నవ్వొచ్చేది. నవ్వలేనంతగా బిగిస్తే ఆ సరుకు బయటికి పోయే ప్రసక్తే లేదు.

ఆ తొడుక్కునే మనిషి ఆవిడ మరదలు, తమ్ముడి భార్య. కోడలుగా వచ్చిన కొత్తలోనే, "నా నడుము మీకు పనికొస్తే వాడుకోండి వదినా, అద్దె అక్కర్లేదు" అని తనే ముందుకొచ్చింది. ఆ పిల్ల నవ్వితే మిషన్లు ఆగేవి. ఒకసారి నవ్వులో రెండు హుక్కులు ఎగిరి మాస్టరు కళ్లజోడుకి తగిలాయి. కొలత తీసేవాళ్లు అంకె గట్టిగా చెప్పాలి, ఇంకొకరు పలక మీద రాయాలి. అది కూడా పద్ధతే. అంకె వినపడగానే, "ఒక అంగుళం తగ్గించి చెప్తే మీ నోటి ముత్యాలు రాలతాయా వదినా?" అని మరదలు అరిచేది.

ఈ కొత్త మోడల్‌కి మాత్రం కొలతలు కత్తెరమ్మ తీయలేదు. అప్పుడు కంటి ఆపరేషన్ అయి ఇంట్లో పడుకుని ఉంది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసే అమ్మాయి తీసింది. ఆ సంగతి ఇప్పుడు తట్టింది ఆవిడకి.

"నువ్వే కదే కొలిచింది? ఎలా కొలిచావు?"

ఓవర్‌లాక్ అమ్మాయి నీళ్లు నమిలింది. "మామూలుగానేనమ్మా. లోపలి పల్చటి బనీను మీంచి."

"బనీను ఎత్తి చూశావా?"

"మేడమ్‌ని ఎత్తమని నేనెలా అంటానమ్మా?"

కత్తెరమ్మ ప్యాకింగ్ గదిలోకి వెళ్లి, అట్టపెట్టెలు మడతపెడుతున్న మరదల్ని చెయ్యి పట్టుకుని లేపుకొచ్చింది. కొలతల గదిలోకి తోసి తెర లాగింది. నిలువుటద్దం, పీట, కిటికీ గట్టు మీద ఖాళీ పెట్టెలు. అంతే ఆ గది.

"చొక్కా తియ్యి అమ్మాయ్. మళ్లీ కొలవాలి."

"పైనుంచే కొలవండి వదినా. చలిగా ఉంది."

బయట ఎండ దంచేస్తోంది. కత్తెరమ్మ అనుమానంగా చూసి, చొక్కా విప్పించి, బనీను మీంచే టేపు చుట్టింది. అంకె పలక మీద రాసినదే వచ్చింది, ముప్పై ఎనిమిది. కానీ చేతికి ఏదో తేడాగా తెలిసింది. టేపు బిగిస్తే ఒళ్లు కాస్త లొంగుతుంది. ఎంత సన్నటి మనిషిదైనా లొంగుతుంది. ఇది పీపాకి చుట్టినట్టుంది.

"గట్టిగా ఊపిరి పీల్చు."

మరదలు పీల్చింది. భుజాలు లేచాయి, నడుము కదల్లేదు.

కత్తెరమ్మ అడగలేదు. బనీను పట్టుకుని పైకెత్తేసింది. లోపల పాత మోడల్ లోదుస్తు ఉంది. ఉతికి ఉతికి రంగు వెలిసి, అంచులు పీచులు తేలి, హుక్కుల చుట్టూ తుప్పు మరకలు పడ్డాయి. ఒంట్లో ఒక భాగమైపోయినట్టుంది.

"ఎప్పటి నుంచి వేసుకుంటున్నావే ఇది?"

మరదలు తల తిప్పుకుంది. "చాలా రోజులైంది."

"కొలతలిచ్చినప్పుడు?"

"అప్పుడూ ఉంది."

"పడుకునేటప్పుడు?"

"స్నానానికి తీస్తాను" అంది చివరికి.

కత్తెరమ్మకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. పిండిన నడుముని కొలిచారు. ఆ అంకెని నిజం అనుకుని, అందులోంచి మళ్లీ తగ్గించి కోశారు. ఒకసారి బిగించినదాన్ని రెండోసారి బిగించే బట్టని పెట్టెల్లో పెట్టి అమ్మారు. పెళ్లి విందులో పడిపోయినావిడ నిజమే చెప్పింది. అందరూ నిజమే చెప్పారు.

తప్పు దొరికింది. కానీ ఆవిడకు తృప్తి కలగలేదు. హుక్కులు ఒక్కొక్కటీ విప్పింది. నడుము చుట్టూ, పక్కటెముకల కింద, ఎర్రటి గాడులు. కొన్నిచోట్ల చర్మం నల్లబడి మొద్దుబారిపోయింది. గుడ్డ ఊడిరాగానే మరదలు గుండెల నిండా ఊపిరి పీల్చింది.

"ఏమైందే నీకు? నిన్నెవరేమన్నారు? వాడేమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు వదినా. ఒక్క మాట కూడా అనలేదు." మరదలు కిటికీ గట్టు మీంచి ఒక పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మీరు దీన్నెప్పుడూ సరిగ్గా చూసినట్టు లేరు."

నిజమే. పెట్టెలు, బొమ్మలు, రంగులు తమ్ముడి వ్యవహారం. అవి కూడా ఆవిడ కళ్లకు కట్టు ఉన్నప్పుడే అచ్చయి వచ్చాయి. పెట్టె మీద రెండు ఫొటోలు. ఒకటి 'వాడిన తర్వాత': ఎక్కడో కొనుక్కొచ్చిన సన్నటి నడుము, నవ్వే ముఖం. రెండోది 'వాడకముందు': మెడ పైన కోసేసిన ఫొటో, పక్కకి తిరిగిన ఆడమనిషి, వేలాడే పొట్ట. కావాలనే రంగు చంపేసి బూడిదలా చేశారు. ఒక చెయ్యి తలుపు మీద ఆనించి ఉంది. ఆ తలుపు మీద బాతు బొమ్మ అతికించి ఉంది. ఆ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది.

ఆ మచ్చకు మందు రాసింది కత్తెరమ్మే.

"పాప పుట్టిన కొత్తలో తీశారు" అంది మరదలు. గొంతు మామూలుగానే ఉంది, అందుకే వినడం కష్టంగా ఉంది. "ఊరికే, గుర్తుగా ఉంటుందన్నారు. పక్కకి తిరిగి నవ్వమన్నారు. నవ్వాను వదినా. నవ్వు కోసేసి పొట్ట ఉంచుకున్నారు."

కత్తెరమ్మ బొటనవేలితో పెట్టె మీది మచ్చ తడిమింది.

"ఆయన్ని అడగలేదు. అడిగితే అది నేనేనని ఒప్పుకున్నట్టవుతుందని. రోజూ ఆ పెట్టెలే మడతపెడుతున్నాను. పక్కన కూర్చునేవాళ్లు ఒకసారి అన్నారు, ఈ 'వాడకముందు' మనిషికి సిగ్గైనా లేదేమిటి, ఇలా తీయించుకుందీ అని. నేను కూడా నవ్వాను."

కొన్నాళ్లుగా నవ్వు పరీక్షలో మరదలు పెదాలతోనే నవ్వి ఊరుకుంటోంది. ఈ కొత్త మోడల్‌ని కూడా అలాగే గట్టెక్కించింది. పిల్ల తల్లయింది, నెమ్మది వచ్చింది అనుకుంది కత్తెరమ్మ. అది తలుచుకోగానే తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయితే ఆ అసహ్యాన్ని అక్కడే కూర్చుని నెమరువేసే రకం కాదు ఆవిడ. పెట్టె చంకన పెట్టుకుని తెర విసిరికొట్టి బయటికి వచ్చింది.

"తప్పు దొరికిందిరా!"

ఆ కేకకి మిషన్లన్నీ ఆగాయి. తమ్ముడు ఫోను చెవి దగ్గర్నుంచి తీశాడు. ఆవిడ పెట్టెని అతని గుండెకేసి కొట్టింది.

"ఇదెవరు?"

తమ్ముడు పెట్టె వైపు చూశాడు, భార్య ఉన్న తెర వైపు చూశాడు. మనిషి తగ్గలేదు. "అక్కా, మెల్లగా. ఇంటి విషయం ఇంట్లో మాట్లాడుకుందాం."

"పెట్టె మీద అచ్చేసి ఊరూరా తోలినప్పుడు ఇంటి విషయం కాలేదా?"

"తల లేదుగా! ఎవరికి తెలుస్తుంది? 'వాడకముందు' ఫొటోకి మళ్లీ ఎవర్నో పిలిచి డబ్బులు పోయమంటావా? ఇంట్లో ఉన్నదే వాడాను. మన వ్యాపారమే కదా."

"ఇంట్లో ఉన్నదా? నీ బిడ్డని మోసిన ఒళ్లురా అది! ఇంట్లో ఉన్న బకెట్టూ చీపురూ అన్నట్టు చెప్తావేంటి? ఎవరికి తెలుస్తుందంటావా? దానికి తెలుసు. తెలిసి రాత్రింబగళ్లు ఒళ్లు బిగించుకుని తిరిగింది. ఆ బిగించిన ఒంటిని కొలిచి, దాన్నింకా తగ్గించి మనం కోశాం. నువ్వేమో ఫోన్లు చేసి, తప్పు మీ నడుముదే అని చెప్పించావు. సిగ్గుందా?"

మాస్టరు ఎప్పుడు వెళ్లాడో గానీ, గోడ దగ్గర కోత మిషన్ తీగ ఊడదీసేశాడు.

తమ్ముడికి విషయం ఎక్కడానికి ఒక క్షణం పట్టింది. ఎక్కగానే అతని ముఖం తేటపడింది. అది చూసి కత్తెరమ్మకు చెయ్యి దురద పెట్టింది.

"అంటే తప్పు దానిదన్నమాట!" అన్నాడు. "లోపల అది వేసుకుని కొలతలెవరిమ్మన్నారు? చెప్పొద్దూ? ఇంత సరుకు పాడు చేసింది, ఇంతమందిని తిప్పలు పెట్టింది, పైగా నా మీద..."

తెర పక్కకి జరిగింది. మరదలు బయటికి వచ్చింది. పైన బనీనే ఉంది. చొక్కా వేసుకోలేదు. విప్పిన లోదుస్తు చేతిలో వేలాడుతోంది. దాన్ని తెచ్చి గుడ్డ పొరల మీద పడేసింది.

"ఈ గుడ్డకిచ్చినంత విశ్రాంతి కూడా నా ఒంటికి ఇవ్వలేదు మాస్టరుగారూ" అంది. మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

మరదలు ఓవర్‌లాక్ అమ్మాయి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. అమ్మాయి టేపు ఇచ్చింది. అందరి ముందూ, వెలుగులో నిలబడి, తన నడుముకి తనే టేపు చుట్టుకుంది. బిగించలేదు, పొట్ట లోపలికి లాగలేదు. ఊపిరి పూర్తిగా వదిలి, టేపు చివర చూసి, పద్ధతి ప్రకారం గట్టిగా చెప్పింది.

"నలభై ఒకటి."

పలక దగ్గర సుద్దముక్కని ఎవరూ ముట్టుకోలేదు.

"రాయండి వదినా. నలభై ఒకటి."

కత్తెరమ్మ పలక మీది పాత అంకె అరచేత్తో చెరిపేసి రాసింది. అంకె పెద్దదిగా, గుమ్మం దాకా కనపడేలా వచ్చింది. తర్వాత అట్ట నమూనాలు తీసుకుని, బల్ల దగ్గర నిలబడి, నడుము భాగాలన్నీ అడ్డంగా కత్తిరించి పేలికల గుట్ట మీద పడేసింది. తమ్ముడు "అక్కా, రేపటి సరుకు..." అనబోయాడు. ఆవిడ కత్తెర ఆపి చూసేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"లోపలికి పద, మాట్లాడదాం" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు."

"అందరూ ఎప్పటి నుంచో చూస్తున్నారు కదండీ" అంది మరదలు.

అని, బనీను అంచు పక్కటెముకల దాకా ఎత్తిపట్టుకుని అతని వైపు పక్కకి తిరిగింది, పెట్టె మీద ఉన్నట్టే. నడుము చుట్టూ ఎర్రగా, నల్లగా ఆ గాడులన్నీ కనిపించాయి. ప్యాకింగ్ నుంచి వచ్చి నిలబడ్డ ఆడవాళ్లు మరదలి మణికట్టు చూశారు, పెట్టె చూశారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఫోన్ తీయండి. 'వాడిన తర్వాత' ఫొటో ఎవరిదో కొనుక్కొచ్చారు కదా. నాది తీయండి."

తమ్ముడి చేతిలో ఫోను ఉంది. అతను దాన్ని ఎత్తలేదు, జేబులో పెట్టుకోనూ లేదు.

"తీయండి" అంది మరదలు. "ఈసారి తల కోయకండి."